డాన్స్ మాస్టర్ గుప్పిట్లో ఉన్న చెల్లెలు: ఒక అన్న ప్రశ్నకు జవాబు

మీరు రాసింది కుదించి చెబితే ఇది. చెల్లెలికి ఇప్పుడు 22. ఇంటర్ అవగానే హైదరాబాద్ వచ్చి, పేరున్న ఒక డాన్స్ మాస్టర్ దగ్గర నాలుగేళ్లుగా అసిస్టెంటుగా ఉంది. డబ్బు ఆయన చేతుల మీదుగానే వస్తుంది, అదీ ఎప్పుడో ఒకసారి. ఫోన్ అడిగినప్పుడల్లా చూపించాలి, వేరే మాస్టర్లతో మాట్లాడకూడదు. అద్దె గది ఆయన పేరు మీద ఉంది. ఖాళీ చెక్కుల మీదా ప్రోనోట్ల మీదా సంతకాలు చేయించుకున్నారు. అవుట్‌డోర్ షూటింగుల్లో ఇంకా పెద్ద తప్పులు జరిగాయని ఒక రాత్రి ఫోన్లో ఏడుస్తూ చెప్పి, పొద్దున్నే "ఏం లేదు, వదిలెయ్" అంది. నేను వెళ్లి అడగనా, పోలీసు కేసు పెట్టనా, పెడితే ఆమె యూనియన్ కార్డు పోతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు: వెళ్లకండి, ఫోన్ కూడా చేయకండి. మీకు విషయం తెలిసిందని ఆయనకు తెలిసిన గంటలోనే చెల్లెలి ఫోన్ ఆయన చేతికి పోతుంది. అందులోని చాట్లు చెరిగిపోతాయి, ఆమె చేత "అన్నయ్యకు అపార్థమైంది" అని వాయిస్ మెసేజ్ పెట్టిస్తారు, తర్వాత కోర్టులో దాన్నే చూపిస్తారు. పదిమంది బంధువుల్ని వెంటేసుకుని ఆఫీసుకి వెళ్తే అయ్యేదీ ఇంతే. పైగా బెదిరించారని ఎదురు కేసు కూడా వస్తుంది.

మిగతా రెండింటికీ జవాబు చెప్పేముందు ఆమె ఎందుకు వెనక్కి తగ్గిందో అర్థం కావాలి. చాలా కుటుంబాలు ఇక్కడే అపార్థం చేసుకుంటాయి. "అంత బాధపడితే వచ్చేయొచ్చుగా" అంటారు. ఆమె రాలేకపోవడానికి కారణం ఒక్క సంఘటన కాదు. బతకడానికి కావలసిన ప్రతి వస్తువూ ఒకే మనిషి చేతిలో ఉంది. ప్రొడక్షన్ వాళ్లు అసిస్టెంట్ల డబ్బు కూడా కలిపి మాస్టర్‌కే ఇస్తారు, ఆయన ఎంత ఇస్తే అంత. యూనియన్ కార్డుకి మాట సాయం చేసింది ఆయనే. గది ఆయనది. రేపటి పాటకి పిలిచేదీ ఆయనే, పిలవొద్దని నాలుగు ఫోన్లు చేయగలిగేదీ ఆయనే. దీనికి తోడు ఒకరోజు అందరి ముందు తిట్టి, మర్నాడు స్టేజీ మీద "నా బిడ్డ లాంటిది" అని పొగుడుతారు. ఈ రెంటి మధ్యా తిప్పితే మనిషి తన అంచనా మీదే నమ్మకం పోగొట్టుకుంటుంది. ఆమె ఆయన్ని వెనకేసుకు రావడం ఈ పట్టు ఫలితమే. ఆమె ఒప్పుకుందనడానికి రుజువు కాదు.

కఠినంగా పని నేర్పే గురువుకీ, ఇలా గుప్పిట్లో పెట్టుకునే మనిషికీ తేడా ఎక్కడుందని చాలామంది అడుగుతారు. రిహార్సల్ రాత్రి రెండింటి దాకా సాగడం, స్టెప్పు తప్పితే అరవడం పని తాలూకు కష్టాలు. అవి తప్పే కావచ్చు, కానీ వేరే సంగతి. ఒకటి గమనించండి: ప్యాకప్ చెప్పాక కూడా ఆయన రూలు నడుస్తోందా? ఎవరితో మాట్లాడాలి, ఏం తినాలి, ఊరికెప్పుడు వెళ్లాలి, ఏ ఫొటో పెట్టుకోవాలి అన్నవి కూడా ఆయనే చెబుతున్నాడా? పనికి సంబంధం లేని విషయంలో ఆమె "కుదరదు" అన్న రోజున పనిలో శిక్ష పడుతోందా? ఈ మూడోదానికి అవునంటే ఇక సందేహం పెట్టుకోనక్కర్లేదు.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. అమెరికా గాయకుడు ఆర్. కెల్లీని న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టు 2021లో దోషిగా తేల్చి, 2022లో 30 ఏళ్ల శిక్ష వేసింది. ఆ విచారణలో బయటపడిన పద్ధతులు చూడండి. తినడానికీ బాత్రూముకీ కూడా అనుమతి అడగాలి, ఫోన్లు లాక్కుంటారు, చేయని తప్పులు చేసినట్టు ఆ అమ్మాయిల చేతే ఉత్తరాలు రాయించి దాచుకుంటారు. ఎదురు తిరిగితే బయటపెట్టడానికి ఆ ఉత్తరాలు. మన దగ్గర ఆ పని ఖాళీ ప్రోనోటు చేస్తుంది. కేరళలో 2017 ఫిబ్రవరిలో నటి మీద దాడి జరిగాక ప్రభుత్వం జస్టిస్ హేమ కమిటీ వేసింది. మన తెనాలి శారద గారు అందులో సభ్యురాలు. 2019 డిసెంబరులో ఇచ్చిన ఆ నివేదిక బయటికి వచ్చింది 2024 ఆగస్టు 19న. అవకాశం చేతిలో ఉన్న కొద్దిమంది చుట్టూ అందరూ నోరు మూసుకుని ఎలా బతుకుతారో అందులో ఉంది. మన పరిశ్రమలో 2018 ఏప్రిల్‌లో ఫిలిం ఛాంబర్ ముందు నిరసన జరిగాక తెలంగాణ ప్రభుత్వం కూడా కమిటీ వేసింది. దాని నివేదికను బయటపెట్టమని నటి సమంత 2024లో బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

ఇంగ్లండులో 2015 చట్టంలోని 76వ సెక్షన్ ఇలాంటి బలవంతపు అదుపునే నేరంగా చెప్పింది. అయితే అది భార్యాభర్తలు, జంటలు, కుటుంబ సభ్యుల మధ్య మాత్రమే వర్తిస్తుంది. మన చట్టంలో ఆ పేరుతో నేరమేదీ లేదు. కాబట్టి నాలుగేళ్ల కథని ముక్కలుగా విడగొట్టి ఏ ముక్క ఏ సెక్షన్ కిందకి వస్తుందో చూపించాలి. "నన్ను చాలా హింసించారు" అని రాసిన ఫిర్యాదు నిలబడదు. తేదీ, స్థలం, మాట, చేత, చూసినవాళ్లు ఉన్న ఫిర్యాదు నిలబడుతుంది.

అన్నిటికన్నా ముందు గడువు లెక్కపెట్టండి. పని చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, అంటే అందరూ పోష్ అనే 2013 చట్టం కింద, సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వరుసగా జరిగినవైతే చివరిదాని నుంచి 3 నెలలు. తగిన కారణం చూపిస్తే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు, ఆపైన కుదరదు. చాలామంది పడే గుంట ఇక్కడుంది. వేధింపు జరిగింది జనవరిలో, దానికి కక్షగట్టి ఆగస్టులో పనిలోంచి తీసేశారు, కాబట్టి ఆగస్టు నుంచి లెక్క అనుకుంటారు. 2025 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్‌కి చెందిన ఒక వైస్ ఛాన్సలర్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదన ఒప్పుకోలేదు. తర్వాతి ఉద్యోగ చర్యలు వేధింపుకి కొనసాగింపు కావని, ఫిర్యాదుకి గడువు దాటిందని చెప్పింది. అందుకని మీ చెల్లెలిని అడగాల్సింది "చివరిసారి ఎప్పుడు" అని. ఒక అసభ్య మెసేజీ అయినా, ఒక అర్ధరాత్రి వీడియో కాల్ అయినా ఆ తేదీ రాసుకోండి.

పోలీసు కేసుకి లెక్క వేరు. అత్యాచారానికి గడువు లేదు. లైంగిక వేధింపు, వెంటపడటం లాంటి 3 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకి 3 ఏళ్లలోపు ఫిర్యాదు నమోదు కావాలి. ఏడాది శిక్షే ఉన్న అసభ్య వ్యాఖ్యల్లాంటి వాటికి ఏడాదే. ఇంకో గీత కూడా గీసుకోవాలి: 2024 జులై 1కి ముందు జరిగినవి పాత శిక్షాస్మృతి ఐపీసీ కిందకి, ఆ రోజు నుంచి జరిగినవి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కిందకి వస్తాయి. నాలుగేళ్ల కథ రెండువైపులా పరుచుకుని ఉంది కాబట్టి కాగితం మీద ఆ తేదీ దగ్గర గీత గీసి పైన కొన్ని, కింద కొన్ని రాయండి.

ఆమె చేరిననాటికి 18 నిండాయా? పదో తరగతి సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీ పక్కన చేరిన తేదీ పెట్టి చూడండి. ఒక్క సంఘటనైనా 18 నిండక ముందు జరిగుంటే అది పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కిందకి వచ్చేది. అక్కడ ఆమె ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే రాదు. నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పడం కూడా ఆ చట్టంలో తప్పనిసరి, మీతో సహా. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ఒక ప్రముఖ నృత్య దర్శకుడి మీద అసిస్టెంట్ చేసిన ఫిర్యాదులో సరిగ్గా ఇదే జరిగింది. రాయదుర్గంలో జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసేది) నమోదై నార్సింగికి బదిలీ అయ్యింది. ఆరోపించిన సంఘటనలు మొదలైనప్పటికి తాను మైనరని ఆమె చెప్పడంతో పోక్సో చేర్చారు.

ఇక భారతీయ న్యాయ సంహితలో ఏ ముక్క ఏ సెక్షనో చూద్దాం. కోరిక తీర్చమనడం, ఇష్టం లేని స్పర్శ, అసభ్య వీడియోలు చూపడం 75వ సెక్షన్. బలవంతంగా చేయి వేయడం 74. ఫోన్లో వెంటాడటం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం 78. గదిలో పెట్టి తాళం వేయడం 127. బెదిరింపు 351. వీడియోలు బయటపెడతానని డబ్బు గుంజితే 308. ఉద్యోగం, ప్రమోషన్ ఆశ చూపి మోసంతో శారీరక సంబంధం పెట్టుకుంటే 69, శిక్ష పదేళ్ల దాకా. సినిమా అవకాశం ఇస్తానన్న మాట ఇందులోకి వస్తుందని గట్టిగానే వాదించవచ్చు. అన్నిటికన్నా బలమైంది 64వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లోని ఒక చిన్న వాక్యం: స్త్రీ మీద అదుపు లేదా ఆధిపత్యం ఉన్న స్థానంలో ఉండి అత్యాచారం చేస్తే కనీస శిక్ష పదేళ్లు. ఈ ఉపసెక్షన్ కింద సంబంధం జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలని భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) లోని 120వ సెక్షన్ చెబుతుంది. ఇందుకే డబ్బు, కార్డు, గది ఆయన చేతిలో ఉన్నాయని కాగితాలతో చూపించడం అంత ముఖ్యం. కేసు రాసేవాళ్లు ఆ వివరాల్ని "జీతం గొడవ" అని పక్కన పెట్టేస్తుంటారు. పెట్టనివ్వకండి. ఆధిపత్యానికి రుజువు అవే.

ఫోన్ విషయంలో వరుసక్రమం తప్పితే నష్టం చాలా పెద్దది. భయపడి ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తారు, దాంతో సాక్ష్యం మొత్తం పోతుంది. లేదా ముందే పాస్‌వర్డులన్నీ మార్చేస్తారు, అవతలి మనిషికి ఆ నిమిషమే తెలిసిపోతుంది. చేయాల్సింది ఇలా. మీ ఫోన్లోనో స్నేహితురాలి ఫోన్లోనో ఆమెకి కొత్త ఈమెయిల్ తెరవండి. ఆయనకి తెలియని నంబరునే రికవరీకి ఇవ్వండి. పాత ఫోన్ చేతిలో ఉన్న గంటలో ఆయనతో ఉన్న వాట్సాప్ చాట్‌ని మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి ఆ కొత్త మెయిల్‌కి పంపండి. పంపాక పాత ఫోన్లో పంపిన మెయిల్ కనపడకుండా చూసుకోండి. డిసప్పియరింగ్ మెసేజెస్ (కొంతకాలానికి వాటంతటవే చెరిగిపోయేవి) ఆన్‌లో ఉంటే పోయినవి రావు. అలాంటప్పుడు ఇంకో ఫోన్‌తో స్క్రీన్‌ని స్క్రోల్ చేస్తూ వీడియో తీయండి, పైన నంబరు కనపడాలి, పేరు ఒక్కటే చాలదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, గూగుల్ అకౌంట్‌లో మీ పరికరాలు, మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ చూసి, ఉన్నదాన్ని ఉన్నట్టే ఫొటో తీసుకోండి. అక్కడ ఆయన ల్యాప్‌టాప్ పేరు కనపడితే నిఘాకి అదే రుజువు. ఆ లింకులు తెంచేయడం ఆమె గది ఖాళీ చేసి బయటపడ్డ రోజునే. ఈ బయటపడే రోజులే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి, ముందస్తు హెచ్చరిక ఇచ్చి వెళ్లకూడదు.

అసలు ఫోన్ అమ్మకండి, మార్చకండి. స్క్రీన్‌షాట్లు ఎన్ని ఉన్నా, కాపీల్ని కోర్టు తీసుకోవాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఆమె, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే కోడ్, అంటే హ్యాష్ విలువ రాయాలి. పాత చట్టంలో దీన్నే 65బి సర్టిఫికెట్ అనేవాళ్లు. ఆమె స్వయంగా మాట్లాడిన కాల్‌ని ఆమే రికార్డు చేసుకుంటే, ఎక్కడా కత్తిరించకుండా ఉంచితే, పనికొస్తుంది. "గుడ్ మార్నింగ్ మాస్టర్", "థాంక్యూ మాస్టర్", గుండె బొమ్మలు ఉన్న మెసేజీలు కూడా ఉంచాల్సిందే. సిగ్గుపడి అవి చెరిపేస్తారు. అవతలి లాయర్ అసలు చాట్ తెచ్చి "ఇవెందుకు దాచారు" అంటే మిగతా నిజాలు కూడా మసకబారతాయి. ఆ రోజు పని దొరకాలంటే అలా రాయక తప్పలేదని ఫిర్యాదులోనే ముందుగా చెప్పేయండి.

మిగతా రుజువులు పరిశ్రమలోనే పడి ఉంటాయి. కాల్‌షీట్ వచ్చిన వాట్సాప్ గ్రూపు, అవుట్‌డోర్‌కి వెళ్లిన రైలు లేదా విమానం టికెట్లు, హోటల్లో ఎవరికి ఏ గది ఇచ్చారో ప్రొడక్షన్ మేనేజర్ పంపిన లిస్టు, పాట షూటింగ్ రోజున సెట్‌లో దిగిన ఫొటోలు. ఆ రాత్రి ఆమె మీతో మాట్లాడిన కాల్ వివరం కూడా సాక్ష్యమే, సంఘటన జరిగిన వెంటనే ఒకరికి చెప్పిందనడానికి. మీరు ఆ తేదీ, టైము, విన్నది విన్నట్టు ఇవాళే కాగితం మీద రాసి పెట్టుకోండి. సాక్షులుగా హీరోలో దర్శకుడో వస్తారని ఆశపడొద్దు. హెయిర్ డ్రెస్సర్, టచప్ అమ్మాయి, కాస్ట్యూమ్ అసిస్టెంట్, యూనిట్ కారు డ్రైవర్ చూసినవే ఎక్కువ. హోటళ్ల సీసీ కెమెరా రికార్డింగులు కొద్ది వారాల్లో చెరిగిపోతాయి. తాజా సంఘటన అయితే భద్రపరచమని హోటల్‌కి రాయాలని పోలీసుల్ని మొదటిరోజే అడగాలి.

డబ్బు కాగితాల సంగతి. ఆయనకి తెలియని బ్యాంకులో, కొత్త నంబరుతో ఆమె పేరున ఖాతా తెరవండి. ఖాళీ చెక్కుని తేలిగ్గా తీసుకోవద్దు. సంతకం తనదేనని ఒప్పుకుంటే, మిగతా వివరాలు ఎవరు నింపినా, అప్పు ఉందనే ఊహతోనే కోర్టు మొదలుపెడుతుంది. 2019లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఆ ఊహను తిప్పికొట్టే భారం ఆమె మీద పడుతుంది. కాబట్టి చెక్కు బ్యాంకుకి రాకముందే చేయాలి: చెక్‌బుక్ కౌంటర్‌ఫాయిల్ చూసి ఏ నంబర్లు పోయాయో గుర్తించండి, బ్యాంకుకి స్టాప్ పేమెంట్ లెటర్ ఇచ్చి ముద్ర వేయించుకోండి, లాయర్ ద్వారా ఆయనకి నోటీసు పంపండి. ఫలానా నంబర్ల చెక్కులు, ఇన్ని ప్రోనోట్లు, పనిలో చేరేటప్పుడు ఖాళీగా సంతకం చేయించుకున్నారు, ఆమె మీకు ఏ బాకీ లేదు అని. స్టాప్ పేమెంట్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే చెక్ బౌన్స్ కేసు తప్పదు, ఆ నోటీసే రేపు కాపాడేది. అటునుంచి బౌన్స్ నోటీసు వస్తే 15 రోజుల గడువు లోపల జవాబు వెళ్లాలి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే సరిపోతుందనుకోవడం పొరపాటు. అయితే ఈ నోటీసు ఆమె బయటపడ్డాకే పంపాలి. గదిలో ఉండగా పంపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అగ్రిమెంట్ ఉందంటారా? ఐదేళ్లు వేరే ఎవరి దగ్గరా చేయకూడదన్న షరతు పని మానేశాక చెల్లదు, కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అది. పనిలో ఉన్నంతకాలం వర్తించే షరతుని మాత్రం కోర్టులు కొట్టేయవు. ఒత్తిడితో చేయించిన ఒప్పందాన్ని 19-ఎ కింద రద్దు చేయించుకోవచ్చు. బయట చెప్పకూడదన్న షరతు ఎంత గట్టిగా రాసినా పోలీసు ఫిర్యాదుని ఆపలేదు.

ఇప్పుడు ఏ తలుపు తట్టాలో చూద్దాం. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి నిర్మాణ సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు బయటివాళ్లు. "ఆమె మా ఉద్యోగి కాదు, మాస్టర్ మనిషి" అని ప్రొడక్షన్ ఆఫీసు చేతులెత్తేస్తుంది. పోష్ చట్టంలో రోజుకూలీ, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లు, జీతం లేని ట్రైనీ కూడా ఉద్యోగే. అవుట్‌డోర్ హోటల్, ప్రొడక్షన్ ఇచ్చిన కారు కూడా పని చోటే. సినిమా యూనిట్ పని చోటేనని, ప్రతి నిర్మాణ యూనిట్‌కీ కమిటీ ఉండాలని కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది. నిందితుడు వేరే సంస్థ మనిషైనా బాధితురాలి పని చోటి కమిటీ విచారించవచ్చని సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో తేల్చింది. ఈ రెండు మాటలూ ఫిర్యాదులో రాయండి.

మాస్టరే యజమాని అయితే, లేదా ఆయన సొంత బృందం పదిమందికన్నా తక్కువ అయితే కలెక్టర్ పరిధిలోని లోకల్ కమిటీకి వెళ్లాలి. ఇక్కడ జిల్లా తప్పు పడుతుంది. కృష్ణానగర్, ఫిలింనగర్, బంజారాహిల్స్ స్టూడియోలు హైదరాబాద్ జిల్లా. మణికొండ, నార్సింగి, రామోజీ ఫిల్మ్ సిటీ రంగారెడ్డి జిల్లా. తప్పు జిల్లాకి ఇచ్చిన ఫిర్యాదు తిరిగొచ్చేసరికి నెల పోతుంది, గడువు మూడే నెలలు. ఫిర్యాదు ఆరు ప్రతులు, పత్రాలు, సాక్షుల పేర్లతో ఇచ్చి, ఒక ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో కూడా వేయవచ్చు. ఫిర్యాదుతో పాటే మధ్యంతర ఊరట అడగండి: ఆయనతో కలిసి పనిచేయనక్కర్లేకుండా మార్పు, లేదా 3 నెలల దాకా సెలవు. అడగకపోతే ఇవ్వరు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి.

ఫిలిం ఛాంబర్‌లో కూడా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం ఒక ప్యానెల్ ఉంది. అక్కడికి వెళ్లడం మంచిదే, తోడు దొరుకుతుంది, పరిశ్రమలో ఒత్తిడి వస్తుంది. కానీ ఛాంబర్‌కి చెప్పాం కదా అని కూర్చుంటే అంతర్గత కమిటీ గడువు ఆగదు. యూనియన్ పెద్దలు, "మాట్లాడి సర్దుదాం" అనే సీనియర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. నా దృష్టిలో ఇలాంటి కేసులు చచ్చిపోయేది కోర్టులో కాదు, ఆ సర్దుబాటు గదిలో. పోష్ చట్టంలో రాజీ ఆమె కోరితేనే, అదీ డబ్బు ఆధారంగా కుదరదు. అత్యాచారం కేసుకి రాజీ అసలే లేదు. అక్కడ ఇచ్చే తెల్లకాగితం మీద ఆమె సంతకం పెట్టకూడదు.

పోలీసుల దగ్గరికి ఏ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. అవుట్‌డోర్ ఏ రాష్ట్రంలో జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి పంపాల్సింది వాళ్లే. ఇలాంటి నేరాల్లో ఆమె వాంగ్మూలం మహిళా అధికారి తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. అత్యాచారం, బలవంతంగా చేయి వేయడం లాంటి నేరాల ఫిర్యాదు నమోదు చేయకపోవడమే అధికారికి న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద నేరం. మాట వినకపోతే కమిషనర్‌కి రాతగా పంపండి, తర్వాత మేజిస్ట్రేట్. హైదరాబాద్‌లో భరోసా కేంద్రానికి వెళ్తే కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసాయం ఒకే చోట దొరుకుతాయి. రెండు రాష్ట్రాల్లోనూ 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం దారి చూపిస్తుంది. లాయర్‌కి డబ్బు లేదని ఆగొద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, నంబర్ 15100. వీడియోలు బయటపెడతామంటే 1930కి చెప్పి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి.

ఫిర్యాదు ఎలా రాయాలో ఒక్క ఉదాహరణ. "అవుట్‌డోర్‌లో తప్పుగా ప్రవర్తించారు" అని రాయొద్దు. "ఫలానా తేదీన, ఫలానా ఊళ్లో, ఫలానా హోటల్లో, రాత్రి 11 దాటాక రేపటి స్టెప్పులు చూడాలని గదికి పిలిచారు. తలుపు గడియ పెట్టారు. నేను వెళ్తానంటే రేపటి పాటలో నీ పేరు ఉండదన్నారు. తర్వాత ఇది చేశారు. మర్నాడు ఉదయం 7 గంటలకి హెయిర్ డ్రెస్సర్ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. ఆ వారం డబ్బు ఆపేశారు" అని రాయాలి. మొదటి పేరాలోనే ఆలస్యానికి కారణం రాయండి: గది, డబ్బు, కార్డు, చెక్కులు ఆయన దగ్గరున్నాయని. గుర్తులేని తేదీని ఊహించి రాయకండి. "వినాయక చవితికి ముందు వారం, ఫలానా పాట షూటింగప్పుడు" అన్నా సరిపోతుంది. తప్పు తేదీ ఒక్కటి దొరికితే అవతలివాళ్లు దానిమీదే గంటసేపు వాదిస్తారు.

టీవీ ఛానల్‌కి, యూట్యూబ్‌కి ముందుగా వెళ్లకండి. అత్యాచారం లాంటి కేసుల్లో ఆమె పేరు, గుర్తుపట్టగలిగే వివరం బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, ఆ పని ఇంట్లోవాళ్ల నోటి నుంచే ఎక్కువగా జరుగుతుంది. పోష్ విచారణ వివరాలూ గోప్యమే.

కార్డు ప్రశ్న. కార్డు ఇచ్చేది యూనియన్, మాస్టర్ కాదు. రద్దు చేయాలంటే దాని నిబంధనల ప్రకారం నోటీసు ఇచ్చి, జవాబు వినాలి. కార్డు, ఫీజు రసీదు రెండు వైపులా ఫొటో తీసి దాచండి. కార్డు ఆయన దగ్గరుంటే పోయిందని కొత్తది అడగవచ్చు. చెప్పకుండా పిలవడం మానేయడం మాత్రం జరుగుతుంది, దాన్ని ఏ చట్టమూ పూర్తిగా ఆపలేదు. కానీ సంఘంగా కూడి "ఈమెతో పనిచేయొద్దు" అంటే అది పోటీ చట్టానికి విరుద్ధం. మలయాళ దర్శకుడు వినయన్‌ని పక్కన పెట్టించినందుకు అక్కడి నటుల సంఘానికీ సాంకేతికుల సమాఖ్యకీ కాంపిటీషన్ కమిషన్ 2017లో జరిమానా వేసింది. 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అది నిలబడింది. కాబట్టి "నిన్ను పిలవొద్దని చెప్పారు" అన్న ప్రతి మెసేజీ దాచుకోవాలి. ఈలోపు టీవీ డాన్స్ షోలు, చెన్నై పని, ఈవెంట్లు, డాన్స్ స్కూళ్లు ఉన్నాయి. మొదటి ఆరు నెలల ఖర్చు ఇంటినుంచి భరించగలరేమో ఇప్పుడే లెక్క వేయండి. వెనక్కి వెళ్లిపోయేవాళ్లలో చాలామంది అద్దె కట్టలేకే వెళ్తారు.

విదేశాల్లో తెలుగు సంఘాల కార్యక్రమాలకని తీసుకెళ్తానంటే పాస్‌పోర్టు, తిరుగు టికెట్ ఆమె చేతిలోనే ఉండాలి. వీసా ఏ రకమో, ఆహ్వానం పంపింది నిజంగా ఆ సంఘమేనా అన్నది నేరుగా ఆ సంఘానికే రాసి తెలుసుకోండి. తెలుగు నటీమణులను కార్యక్రమాల పేరుతో అమెరికా రప్పించి వ్యభిచారంలోకి దింపారని షికాగోలో ఒక తెలుగు జంట మీద 2018లో కేసు నమోదైంది.

ఇంతా చెప్పాక, ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ చెల్లెలి నిర్ణయం. పోక్సో వర్తిస్తే తప్ప ఆ నిర్ణయం మీరు తీసుకోవద్దు. ఆమెతో మాట్లాడేటప్పుడు స్పీకర్‌లో ఉండవచ్చని గుర్తుపెట్టుకోండి. పండగకో, అమ్మకి ఒంట్లో బాగోలేదనో ఇంటికి పిలిపించి, ఫోన్ ఇంకో గదిలో పెట్టి కూర్చోండి. "కేసు పెడదామా" అని మొదలుపెట్టకుండా "ఎప్పుడొచ్చినా నీ గది అలాగే ఉంది, మళ్లీ వెళ్తానన్నా తిట్టం" అని చెప్పండి. ఆయన మంచితనం గురించి ఆమె చెబితే ఖండించకండి. ఒకసారి వచ్చి మళ్లీ వెళ్లిపోయినా తలుపు వేయొద్దు. ఇప్పుడు వద్దంటే కూడా, చాట్ ఎక్స్‌పోర్ట్, చెక్కు నంబర్ల కాగితం, తేదీల జాబితా, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒక కవర్లో పెట్టి మీ దగ్గర ఉంచండి. పోష్ గడువు ఏ తేదీతో అయిపోతుందో, తర్వాత ఏ దారి మిగులుతుందో ఆమెకి ఒక్కసారి స్పష్టంగా చెప్పి, ఆ తేదీకి పది రోజుల ముందు మళ్లీ అడగండి.